ఎక్కడ బాగుందో చూపించప్పా!

చాలా బళ్లలో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారో, సైన్స్ సారో తీసేసుకునేవారు. మనందరం చదువుకున్న బడిలో డ్రాయింగ్ సార్ మాత్రం తన గంట ఎవరికీ వదిలేవారు కాదు. బల్ల మీద ఒక బొమ్మ పెట్టి ఎలా ఉందని అడిగేవారు. "బాగుంది సార్" అంటే సరిపోయేది కాదు. "ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించప్పా" అనేవారు. చూపిస్తే ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉండేది: "అది తీసేస్తే బొమ్మకు ఏమవుతుంది?"

ఇవాళ నేను తిరుపతిలోనే శుభలేఖలు, పుస్తకాల అట్టలు డిజైన్ చేస్తూ, పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తూ బతుకుతున్నాను. సాఫ్ట్‌వేర్లు తర్వాత నేర్చుకున్నాను, ఇప్పటికి ఎన్నో మారాయి కూడా. నాకేది నచ్చుతుందో నాకు తెలియడం మాత్రం ఆ రెండు ప్రశ్నల నుంచే వచ్చింది.

తొమ్మిదో తరగతిలో సార్ మమ్మల్ని శ్రీకాళహస్తి తీసుకెళ్లారు. దర్శనం త్వరగా ముగించుకుని కలంకారీ వేసే ఇంటికి వెళ్లాం. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ నేల మీద పరిచారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదట. వెదురు పుల్లకు గుడ్డ పీలికలు చుట్టి, దారంతో బిగించి కట్టిందే కలం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవంలో దాన్ని ముంచి, చుట్టిన గుడ్డను వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీశారు. ఇనుము కరక్కాయ వగరుతో కలిస్తే తప్ప ఆ నలుపు తేలదు. గీసేటప్పుడు గీత పలచగానే ఉంది. చూస్తుండగానే చిక్కబడింది. తుడిపేసే వీలు లేదు కాబట్టి చెయ్యి ఎక్కడా తడబడలేదు. బందరు కలంకారీలో అచ్చులు వేస్తారు. ఇక్కడ ప్రతి గీతా చేత్తో గీయాల్సిందే. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ నల్ల గీతే.

ఆ రోజు సార్ మామూలుగానే అడిగారు. నా పక్కవాడు పటిక పూసిన చోట తేలే ఎరుపును చూపించాడు. నేను అమ్మవారి చెంప నుంచి భుజం దాకా సాగిన నల్ల గీతను చూపించాను. రంగులన్నీ తీసేసినా అమ్మవారు నిలబడుతుంది, ఆ గీత తీసేస్తే నిలబడదు అన్నాను. సార్ ఇద్దరికీ తలూపారు. ఇద్దరం చెరొకటి చెప్పినా రెండూ ఒప్పే కావచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కాలేజీలో చేరాక చేతికి ఫిల్మ్ కెమెరా వచ్చింది. ఎక్కువగా చంద్రగిరి కోటకు వెళ్లేవాణ్ణి. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లో కమానుల వెనక నిలబడితే లోపల నీడ, బయట మండే ఎండ. రెండూ ఒకే ఫిల్మ్ మీద పట్టవు. లోపలికి వెలుతురు కొలిచి కెమెరా సర్దితే ఆకాశం తెల్లబోతుంది. బయటికి కొలిస్తే స్తంభాలు నల్లటి ఆకారాలైపోతాయి. నేను ప్రతిసారీ బయటికే కొలిచేవాణ్ణి. కాళహస్తి గీతే నా చేత అలా తీయించిందని ప్రింట్లన్నీ పక్కపక్కన పరిచి చూసుకున్నాక గానీ తెలియలేదు. అందుకే కొత్తగా కెమెరా పట్టిన పిల్లలకు నేను మూడో వంతు సూత్రం (ఫ్రేమును మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచమనేది) ముందు చెప్పను. నీకు నచ్చిన నీ ఫొటోలన్నీ ఒకచోట పరుచుకో, వాటిలో మళ్లీ మళ్లీ వస్తున్నదేంటో చూడు అంటాను.

డిజైన్ పనిలో చిక్కు వేరు. శుభలేఖ వేయించుకునే ఇంట్లో పెదనాన్న వెంకన్న బొమ్మ పెద్దది కావాలంటారు, మేనత్త అరటి చెట్లు కావాలంటుంది. నేను నాలుగు మూలలూ ఖాళీగా వదులుతాను. ఎలాగూ అక్కడ పసుపు పెడతారు. వేలితో అద్దిన ఆ పసుపు కంటే మంచి అలంకారం ఏ ప్రెస్సూ అచ్చు వేయలేదు. వరుసల మధ్య చోటు కూడా బిగించను. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఊపిరాడే చోటు లేకపోతే వధూవరుల పేర్లే చదవలేం. ఇదంతా ఓపికగా చెబితే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

ఈమధ్య ఫొటోలన్నిటికీ ఒకే రకం ప్రీసెట్, అంటే ముందే తయారుచేసిన రంగుల అమరిక, వేసేస్తున్నారు. నాకది బాధగా ఉంటుంది. మంగళస్నానం రోజు పసుపు కాంతి పెళ్లికూతురి గడ్డం కింద పడుతుంది. మన ఎండల్లో, మన ఇళ్ల సున్నపు గోడల మధ్య దొరికే ఆ రంగును ఎక్కడో తయారైన ఫిల్టర్ ఎందుకు చెరిపేయాలి?

మన బడిలో ఇప్పుడు డ్రాయింగ్ పోస్టు ఖాళీగా ఉందని విన్నాను. మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున వారానికి ఒక పూట నేను వచ్చి చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని కాళహస్తి తీసుకెళ్లే బస్సు ఖర్చు కూడా నాదే. వానలు తగ్గాక వెళ్దాం, గుడ్డలు ఆరే కాలమైతే పని మొదటి నుంచీ చూడొచ్చు. తోడు రాగలవాళ్లు హెడ్మాస్టర్ గారి దగ్గర పేరు రాయించండి.