చెన్నై హార్బర్‌లో ఓడ ఎక్కే ముందు కారు ఎక్కడ పెట్టాలి: నా అనుభవం

చెన్నైలో క్రూయిజ్ ఎక్కాలనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది టికెట్ ధర కాదు, కారు సంగతి. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి పిల్లాజెల్లాతో సొంత బండిలో దిగేవాళ్లకు అది నిజంగానే పెద్ద చిక్కు. ఈమధ్య నెల్లూరు నుంచి మా బాబాయి, పిన్ని, వాళ్ల కోడలు, మనవడు వస్తే వాళ్లతో పాటు నేనూ ఓడ ఎక్కాను. సముద్రంలోకి వెళ్లి తిరిగి చెన్నైకే వచ్చే చిన్న ట్రిప్పు. మేం ఉండేది పెరంబూరులో కాబట్టి ఏర్పాట్లన్నీ నేనే చూశాను.

"టెర్మినల్ ముందే పెట్టేసుకోవచ్చు కదమ్మా, ఎయిర్‌పోర్టులో పెట్టినట్టు" అన్నారు బాబాయి. హార్బర్‌లో అది కుదరదు. 1881 నుంచి సరుకులు ఎగుమతి దిగుమతి చేసుకుంటున్న రేవు అది. లోపలంతా క్రేన్లు, కంటైనర్లు, గూడ్సు పట్టాలు, వాటి మధ్యే ప్రయాణికుల టెర్మినల్. కాపలా సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్లది. పైగా ఓడరేవుల భద్రత కోసం 2004 జూలై 1 నుంచి ఐఎస్‌పీఎస్ కోడ్ అని ఒకటి అంతర్జాతీయంగా అమల్లో ఉంది. దాని ప్రకారం లోపలికి ఎవరు వస్తున్నారు, ఏ బండి వస్తోంది అన్నదంతా రేవువాళ్ల అదుపులో ఉండాలి. అందుకే సొంత కారు గేటు దాటదని, గేటు దగ్గర దిగి వాళ్ల బస్సులో టెర్మినల్‌కి వెళ్లాలని మాకు ముందే చెప్పారు.

పోనీ గేటు బయట పెడదామా అంటే, అది రాజాజీ సాలై అనే రోడ్డు. ఒకవైపు రిజర్వ్ బ్యాంకు, కలెక్టరేటు, జీపీవో, ఇంకోవైపు బీచ్ స్టేషన్, బర్మా బజార్. రాత్రుళ్లు కారు వదిలి వెళ్లే చోటు కాదు. మెరీనా పార్కింగ్‌లో వదిలేద్దామని మా వాళ్లలో ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. బీచికి వచ్చి కాసేపట్లో వెళ్లిపోయేవాళ్ల కోసం పెట్టిన చోటు అది. ఊళ్లో ఎవరూ లేనివాళ్లయితే ముందు రోజు రాత్రికి ఎగ్మోర్‌లోనో పెరియమేట్‌లోనో పార్కింగ్ ఉన్న హోటల్ తీసుకుని, తిరిగొచ్చేదాకా కారు అక్కడే ఉంచుతామని గది బుక్ చేసేటప్పుడే అడిగి, ఒప్పుకున్నట్టు మెసేజ్ పెట్టించుకోవడం మేలు. చెన్నైలో ఎక్కి ఇంకో ఊళ్లో దిగే ట్రిప్పులూ ఉంటాయి. అలాంటి టికెట్ తీసుకుంటే అసలు కారు ముట్టుకోవద్దు, రైల్లో రండి.

మా బాబాయి కారుని మా అపార్ట్‌మెంట్‌లోనే పెట్టించాను. ఇది చెప్పినంత సులువు కాదని చెన్నైలో ఉండేవాళ్లకు తెలుసు. విజిటర్ స్లాటు రాత్రికి ఎవరికీ ఇవ్వరు. అసోసియేషన్ సెక్రటరీకి తేదీలు, బండి నంబరు రాసిచ్చి ముందే అనుమతి తీసుకున్నాను. వాచ్‌మన్ తన నోటు పుస్తకంలో ఆ నంబరు ఎక్కించుకుని, నా ఫోన్ నంబరు కూడా పక్కన రాసుకున్నాడు. అసలు తిరకాసు నీళ్ల లారీతో వచ్చింది. మా సంపు మూత విజిటర్ స్లాటుకి మూరెడు దూరంలో ఉంటుంది. పొద్దున్నే లారీ వస్తే పైపు లాగడానికి ఆ కారు అడ్డం. నేను ఓడలో ఉంటే సిగ్నల్ కూడా ఉండదు, ఎవరు తీస్తారు? అందుకని కారు తాళం ఎదురు ఫ్లాటు వాళ్లకిచ్చాను. వాళ్లది గూడూరు, ఆయనకు బాబాయి ఊరివాళ్లంతా తెలుసు. "మీరు నిశ్చింతగా వెళ్లిరండి, లారీ వస్తే నేనే పక్కకి తీసి పెడతాను" అన్నారాయన. బాబాయి దగ్గరుండి ఆయనకు రివర్స్ గేరు ఎలా పడుతుందో చూపించి, హ్యాండ్ బ్రేకు వేసి మరీ తాళం చేతిలో పెట్టారు. ఇలా ఎవరింట్లోనైనా కారు పెట్టేవాళ్లు తాళం మాత్రం వెంట తీసుకెళ్లకండి. నడిసముద్రంలో ఉన్న తాళం ఎవరికీ పనికిరాదు.

ఓడ ఎక్కే రోజు లగేజీతో కలిపి అందరికీ సరిపడేలా పెద్ద టాక్సీ ఒకటే మాట్లాడాను. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మ్యాప్‌లో ఉత్తినే "చెన్నై పోర్ట్" అని కొట్టి దాన్ని నమ్ముకోకండి. రేవుకి చాలా గేట్లున్నాయి. ఉత్తరాన రాయపురం వైపున్న జీరో గేటు కంటైనర్ లారీలది. అక్కడ లారీలు బారులు తీరి ఉంటాయి, ఒకసారి ఆ వరసలో ఇరుక్కుంటే వెనక్కి తిప్పుకోవడం కష్టం. పెరంబూరు నుంచి రాయపురం దగ్గరే కాబట్టి డ్రైవరు అటే తిప్పబోయాడు. బోర్డింగ్ కాగితం మీద ఉన్న గేటు నంబరు చూపించి, సెంట్రల్ మీదుగా రాజాజీ సాలైకి పోనిమ్మన్నాను. అసెంబ్లీ జరిగే రోజుల్లో సెక్రటేరియట్ దగ్గర పోలీసులు బండ్లు మళ్లిస్తారు. జనవరిలో రిపబ్లిక్ డే రిహార్సల్స్‌కి మెరీనా పక్కన ఉండే కామరాజర్ సాలై మూసేస్తారు. ఆ రోజుల్లో దక్షిణం వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో గంట ముందే బయల్దేరాలి.

గేటు దగ్గర దిగగానే పెద్దవాళ్లకు నీడ దొరకదు. బాబాయికి మోకాళ్ల నొప్పులు. బస్సు వచ్చేదాకా ఆయన సూట్‌కేసు మీదే కూర్చున్నారు. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్ అప్పుడే రాయించాను, కానీ అది టెర్మినల్ దగ్గరే ఉంటుంది, గేటు దగ్గర కాదు. మడత స్టూలు ఒకటి, గొడుగు ఒకటి చేతిలో ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. బోర్డింగ్ పాసులు, ఆధార్ కార్డులు సంచి అడుగున కాకుండా ఒకే కవర్లో పెట్టి నా చేతిలో పట్టుకున్నాను. గేటు దగ్గర ఒకసారి, టెర్మినల్లో మళ్లీ చూశారు. శ్రీలంక వెళ్లే ట్రిప్పయితే పాస్‌పోర్టు తప్పనిసరి.

పెద్ద పెట్టెలు టెర్మినల్ దగ్గర తీసేసుకుంటారు, అవి గదికి వచ్చేసరికి పొద్దుపోతుంది. మందులు, పిల్లాడి బట్టలు ఒక జత చేతి సంచిలో పెట్టించాను. ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి లోపలికి రానివ్వరు. బయటి తిండి కూడా వద్దన్నారు. పిన్ని ఎంతో ఇష్టంగా తెచ్చిన ఆవకాయ సీసా, జంతికల డబ్బా మా ఫ్రిజ్‌లో, అల్మరాలో ఉండిపోయాయి. ఆమె మనసు చిన్నబుచ్చుకుంది, నాకూ బాధేసింది. కానీ స్కానింగ్ దగ్గర తీసి పక్కన పడేస్తే ఇంకా బాధ కదా.

ఓడ కదిలే టైముకి చేరితే చాలనుకోకూడదు. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ప్రమాదం జరిగాక నియమాలు మార్చారు. 2015 నుంచి, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే మస్టర్ డ్రిల్లు ఓడ బయల్దేరే ముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ జరిగి తీరాలి. అందుకే కౌంటర్లు ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు. మాకిచ్చిన టైములో మొదటి గంటలోనే చేరాం కాబట్టి వరస చిన్నది, బాబాయి ఎక్కువసేపు నిలబడే అవసరం రాలేదు.

తిరిగొచ్చిన పొద్దున జనమంతా ఒక్కసారే గేటు బయటికి వచ్చారు. ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెప్పారు. పెద్దవాళ్లను, పెట్టెలను టాక్సీలో పంపి, నేనూ మా పిన్ని కోడలూ బీచ్ స్టేషన్‌కి వెళ్లి ఆవడి లోకల్ ఎక్కాం. అది పెరంబూరు మీదుగానే పోతుంది. ఇంటికొచ్చి చూస్తే కారు స్లాటులో కాస్త పక్కకి జరిగి ఉంది. లారీ వచ్చిందన్నమాట.

నెల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఉత్తర చెన్నైలో తెలిసినవాళ్లుంటే కారు అక్కడే పెట్టుకోండి. పెరంబూరు, కొళత్తూరు, మాధవరం, ఎక్కడైనా సరే. అదే వేళచ్చేరిలోనో టి.నగర్‌లోనో పెడితే తిరుగు ప్రయాణంలో ఊరంతా ఈదాలి. బాబాయి వాళ్లు టిఫిన్ తిని, ఆవకాయ సీసా నాకే వదిలేసి, మాధవరం, రెడ్‌హిల్స్ మీదుగా హైవే ఎక్కేశారు. మధ్యాహ్నం భోజనానికి నెల్లూరులో ఉన్నామని పిన్ని ఫోన్ చేసింది.