వీపు తిప్పి విన్న రోడ్డు

"కాకినాడా, అటు తిరుగు!" అన్నాడు నా స్నేహితుడు.

యాభై ఏళ్ల కిందట డెట్రాయిట్ దగ్గర ఇదే వుడ్‌వార్డ్ రోడ్డు పక్కన ఇదే మాట అనేవాడు. నా పేరు అతని నోటికి పట్టలేదు కానీ మా ఊరి పేరు ఇష్టంగా పలికేవాడు. అటు తిరగడమంటే రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవడం. వెనక వెళ్లే కారు ఏదో చూడకుండా, చప్పుడు పట్టి చెప్పాలి. తప్పు చెబితే రూట్ బీర్ డబ్బులు నేనివ్వాలి, సరిగ్గా చెబితే అతనివ్వాలి. మొదటి ఆరు నెలలూ నేనే ఇచ్చాను.

పోయిన ఆగస్టులో, ఆ నెల మూడో శనివారం ఆ రోడ్డు మీద జరిగే పాత కార్ల పండగ కోసమే హ్యూస్టన్ నుంచి డెట్రాయిట్ వెళ్లాను. మా అమ్మాయి వాళ్లు నోవైలో ఉంటారు. పదిహేడేళ్ల మనవడు తీసుకెళ్తానన్నాడు. ఎక్స్‌ప్రెస్‌వే వద్దురా, నది దగ్గర మొదలుపెట్టి వుడ్‌వార్డ్ అవెన్యూ మీదుగానే పోనివ్వు అన్నాను. "అలా అయితే రెండింతల టైమ్ పడుతుంది తాతా" అన్నాడు. పట్టనీ అన్నాను. వాడిది ఎలక్ట్రిక్ కారు. చప్పుడు లేకుండా ఆ రోడ్డు మీద ప్రయాణించడం నాకు అదే మొదటిసారి.

నది ఒడ్డు నుంచి పాంటియాక్ ఊరి దాకా వుడ్‌వార్డ్ పొడవు 27 మైళ్లు. 1909లో ఆరో మైలు రోడ్డుకూ ఏడో మైలు రోడ్డుకూ మధ్య దీని మీదే ఒక మైలు కాంక్రీటు పోశారు. అమెరికాలో మొట్టమొదటి మైలు కాంక్రీటు హైవే అదేనని ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇంకాస్త దిగువన హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ పాత ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 1913లో కదిలే అసెంబ్లీ లైను నడిచింది అక్కడే. మోడల్ టీ కారు అడుగు చట్రం (చాసిస్) కూర్చడానికి పన్నెండు గంటలకు పైగా పట్టే పని గంటన్నరకు దిగిపోయింది. మనవణ్ణి కారు ఆపమని కిటికీలోంచి ఆ ఇటుక గోడలు చూపించాను. వాడు ఫోన్ పక్కన పెట్టి చూశాడు. నాకు అది చాలు.

అంతకుముందే, వేన్ స్టేట్ యూనివర్సిటీ దగ్గరికి వచ్చేసరికి నాకు మాట రాలేదు. 1969లో కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించుకుని ఎమ్మెస్ కోసం అక్కడ దిగాను. మన ప్రభుత్వం అప్పట్లో విద్యార్థి చేతికి ఇచ్చిన విదేశీ మారకం 8 డాలర్లు. 1967 అల్లర్లలో 43 మంది చనిపోయిన ఊరది. రెండేళ్లయినా కాలిన కొట్లకు చెక్కలు కొట్టి ఉండేవి. నాకూ నా రూమ్మేట్‌కూ ఎవరితో మాట్లాడాలో, ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు. అమ్మ ఉత్తరం రావడానికి పది పదిహేను రోజులు పట్టేది. శుక్రవారం సాయంత్రం వచ్చిందంటే గుబులే. కాకినాడలో అయితే ఆ వేళకు మెయిన్ రోడ్డు మీద జగన్నాథపురం వంతెన దాకా స్నేహితులతో నడిచేవాణ్ణి. ఏమీ కొనకుండా, ఎక్కడికీ పోకుండా, ఊరికే అటూ ఇటూ తిరగడం. ఆ తిరుగుడు ఎంత పెద్ద సుఖమో పోగొట్టుకున్నాకే తెలిసింది.

1971లో ఇంజన్లు పరీక్షించే చోట చిన్న ఉద్యోగం దొరికింది. పక్క టెస్ట్ సెల్‌లో, అంటే ఇంజన్ పరీక్షించే గదిలో, ఫ్లింట్ ఊరి నుంచి వచ్చిన కుర్రాడు పని చేసేవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. నాలుగో వారమో ఐదో వారమో, "శుక్రవారం రాత్రి ఏం చేస్తావ్?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. "అయితే పద" అన్నాడు.

అతనిది పాంటియాక్ కంపెనీ 1966 జీటీవో కారు. ముదురు నీలం. నాలుగు గేర్లు, 389 ఘనపు అంగుళాల వీ ఎయిట్ ఇంజన్, అంటే V ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, దాని మీద గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బరేటర్లు వరసగా మూడు. మామూలుగా నడుపుతున్నప్పుడు మధ్యది ఒక్కటే పని చేస్తుంది. పెడల్ లోతుగా తొక్కితే ముందూ వెనకా ఉన్న మిగతా రెండూ తెరుచుకుంటాయి. అప్పుడు వచ్చే చప్పుడు ఎగ్జాస్ట్‌ది కాదు, ఇంజన్ గాలి పీల్చుకునే చప్పుడు. ఈత రానివాడు నీళ్లలోంచి పైకొచ్చి నోరంతా తెరిచి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నా వీపు సీటుకు అతుక్కుపోయింది. నవ్వు ఆగలేదు. ఆ దేశంలో దిగాక నేను గట్టిగా నవ్వింది ఆ రాత్రే.

పదో మైలు రోడ్డు దగ్గర టోటెమ్ పోల్ అని డ్రైవ్ ఇన్, అంటే కారులోనే కూర్చుని తినే హోటల్, ఉండేది. స్క్వేర్ లేక్ రోడ్డు దగ్గర టెడ్స్ ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తొమ్మిది పది మైళ్లు. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు కుర్రాళ్లంతా ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి. అదే క్రూజింగ్. కారు ఆపగానే కిటికీ అద్దానికి ట్రే తగిలించేవాళ్లు. నేను వేయించిన బంగాళాదుంప ముక్కలూ రూట్ బీరూ చెప్పేవాణ్ణి. రూట్ బీర్ పేరుకే బీరు, అది తియ్యటి సోడా. గ్యాలన్ పెట్రోలు 36 సెంట్లు. చెరో డాలరు వేసుకుంటే రాత్రంతా తిరగొచ్చు. మా మెయిన్ రోడ్డే ఇది, నడకకు బదులు చక్రాలు, అంతే తేడా అనిపించేది నాకు.

చెవి చదువు మొదలైంది కూడా టెడ్స్ దగ్గరే. క్రైస్లర్ కార్లయితే కదలకముందే దొరికిపోతాయి. వాటి స్టార్టర్ మోటారుకు లోపల గేర్లుంటాయి. తాళం తిప్పగానే సన్నగా, పైస్థాయిలో ఒక కూత వస్తుంది. ఆ కంపెనీ హెడ్డాఫీసు హైలాండ్ పార్క్‌లో ఉండేది కాబట్టి దానికి హైలాండ్ పార్క్ హమ్మింగ్‌బర్డ్ అని ముద్దు పేరు. క్రైస్లర్ వాళ్ల పెద్ద ఇంజన్ 426 హెమీ నిలబడి ఉన్నప్పుడు ఒక్క తీరుగా ఉండదు, గుండె తడబడినట్టు కొట్టుకుంటుంది. షెవర్లే కమారో జెడ్ 28 కారులో ఇంజన్ పైన వాల్వులు టకటకమంటాయి. ఇవన్నీ ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. ఇంజనీరుగా నాకు దారి చూపింది మాత్రం ఇవే అని ఈ రోజుకీ నమ్ముతాను.

ఇక పందేలు. వుడ్‌వార్డ్ వెడల్పైన రోడ్డు, మధ్యలో గడ్డి పట్టీ, కొద్ది దూరానికో సిగ్నల్. ఎర్ర దీపం దగ్గర పక్కన కారు ఆగుతుంది. అవతలివాడు ఇంజన్ ఒక్కసారి గర్జించి వదులుతాడు. నువ్వూ అలాగే చేస్తే ఒప్పుకున్నట్టు. మన దీపం వైపు ఎవరూ చూడరు, అడ్డరోడ్డు దీపం పసుపు అయ్యేది చూస్తారు. తర్వాత సిగ్నల్ దాకానే పందెం. అవతలి కారులో ఉన్నది స్కూలు కుర్రాడో, కార్ల కంపెనీ ఇంజనీరో చెప్పలేం. ఇంకా మార్కెట్లోకి రాని భాగాలు పగలు ల్యాబులో, రాత్రి ఈ రోడ్డు మీద పరీక్షించేవాళ్లని అందరికీ తెలుసు. బర్మింగ్‌హామ్‌లో సనోకో బంకు నడిపే జిమ్మీ ఆడిసన్ దగ్గర సిల్వర్ బుల్లెట్ అని 1967 ప్లిమత్ జీటీఎక్స్ ఉండేది. 487 ఘనపు అంగుళాల హెమీ. దాని వెనక క్రైస్లర్ ఇంజనీర్ల చెయ్యి ఉందనేవాళ్లు. దాంతో పందేనికి దిగే ధైర్యం మాకు లేదు. బంకు ముందు నుంచి వెళ్తూ తలలు తిప్పి చూసేవాళ్లం.

బ్లాక్ గోస్ట్ కథ కూడా ఈ రోడ్డుదే. నల్ల డాడ్జ్ ఛాలెంజర్ ఒకటి రాత్రిపూట ఎక్కడి నుంచో వచ్చేది, అందరినీ ఓడించేది, మళ్లీ చాలా కాలం కనబడేది కాదు. నడిపేదెవరో ఎవరికీ తెలియదు. ఆయన గాడ్‌ఫ్రీ క్వాల్స్ అనే డెట్రాయిట్ పోలీసు అధికారి అని లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. నల్లజాతి మనిషి, అంతకుముందు సైన్యంలో పారాట్రూపర్. పోలీసు ఉద్యోగం చేస్తూ వీధి పందెంలో దొరికితే ఇంకేమైనా ఉందా! అందుకే మాయమయ్యేవాడు. 2015లో తను పోయే ముందు ఆ కారు కొడుక్కి ఇచ్చాడు. 2020లో అది అమెరికా చారిత్రక వాహనాల జాబితాకెక్కింది. 2023 వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది. ఆ ధర కన్నా ఆ మౌనమే నాకు గొప్పగా తోస్తుంది. అంత వేగం చేతిలో పెట్టుకుని, నేనే అని ఒక్కసారైనా చెప్పుకోకుండా ఉండటం!

మా పందేలు ఆగిపోయిన రాత్రి గురించి మనవడికి ఇంతకాలం చెప్పలేదు. ఈసారి చెప్పాను. అక్టోబరు, ఆకులు రాలి తడిసి ఉన్నాయి. పక్క కారు ముందుకు పోతోంది. నా స్నేహితుడు మూడో గేరులో పెడల్ పూర్తిగా తొక్కాడు. వెనక చక్రాలు జారాయి. వుడ్‌వార్డ్‌లో చాలా కూడళ్ల దగ్గర నేరుగా ఎడమకు తిరగనివ్వరు. కూడలి దాటాక గడ్డి పట్టీ మధ్యలో ఉన్న సందులో యూ టర్న్ తీసుకోవాలి. ఆ సందులో ఒక స్టేషన్ వ్యాగన్ ఆగి ఉంది. మా కారు గడ్డి ఎక్కి, పక్కకు తిరిగి, దానికి నాలుగైదు అడుగుల దూరంలో నిలిచింది. మా హెడ్‌లైట్లు వెనక సీటులో ఉన్న పిల్లాడి మీద పడ్డాయి. ఐదారేళ్లుంటాయి. చేతిలో ఐస్‌క్రీమ్ కోను. వాడు ఏడవలేదు. ఆ వెలుగులో కళ్లు చికిలించి మమ్మల్నే చూస్తున్నాడు, ఐస్‌క్రీమ్ కారి మణికట్టు మీదికి వస్తోంది. వాళ్ల నాన్న దిగి ఒక్క మాట కూడా అనలేదు. మా వైపు చూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు.

నా స్నేహితుడు ఇంజన్ ఆపేశాడు. స్టీరింగ్ మీద అతని చేతులు వణుకుతున్నాయి. నా చేతులు చూసుకున్నాను, అవీ అంతే. ఆ తర్వాత రెండేళ్లు క్రూజింగ్‌కి వెళ్లాం గానీ ఏ సిగ్నల్ దగ్గరా అతను ఇంజన్ గర్జించి జవాబివ్వలేదు. పక్కవాళ్లు గేలి చేసేవాళ్లు. అతను అద్దం ఎత్తేసేవాడు.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాక బంకుల ముందు క్యూలు మొదలయ్యాయి. అప్పటికే ఆ కార్ల మీద ఇన్సూరెన్స్ భారం విపరీతంగా పెరిగింది. అతనికి పెళ్లయింది, బిడ్డ పుట్టబోతోంది. మరుసటి ఏడాది కారు అమ్మేశాడు. కొన్నవాడు తీసుకెళ్తుంటే మేమిద్దరం వాకిట్లో నిలబడి, చప్పుడు వినపడినంతసేపూ విన్నాం. ఆ తర్వాత నేను టెక్సాస్ వెళ్లిపోయాను.

ఫెర్న్‌డేల్ దాటగానే మనవడు కారు నెమ్మది చేశాడు, చేయక తప్పలేదు. 1995లో ఆ ఊరివాళ్లు పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగు చేద్దామని, పాత కార్లు తీసుకురండి, మళ్లీ తిరుగుదాం అన్నారు. అలా పుట్టింది వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వేలాది కార్లు, రోడ్డుకు రెండు పక్కలా జనం. పందేలు లేవు, నడక వేగమే. ముందు రోజే వచ్చి కుర్చీలు వేసుకునేవాళ్లూ ఉన్నారు.

రాయల్ ఓక్‌లో గడ్డి మీద నా స్నేహితుడూ అతని భార్యా మా కోసం రెండు మడత కుర్చీలు ఆపి ఉంచారు. కౌగిలించుకున్నాం. నేనేదో అన్నాను, అతను నా పెదాల వైపు చూశాడు. "టెస్ట్ సెల్ ఇతని చెవులు తినేసింది. మిషన్ పెట్టుకుంటే మాటలు కాస్త వినపడతాయి, ఇంజన్లు మాత్రం వినపడవు, అంతా ఒకటే రొద అంటాడు" అని ఆవిడ చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ చెవులకు ఏమీ పెట్టుకునేవాళ్లం కాదు. నాకన్నా పదేళ్లు ఎక్కువ పని చేశాడక్కడ.

అయినా "అటు తిరుగు" అన్నాడు.

తిరిగాను. మనవడూ కుర్చీ తిప్పుకున్నాడు. వెనక మెత్తగా, నీళ్లు గుడగుడలాడినట్టు ఒక చప్పుడు. "ఫ్లాట్‌హెడ్ ఫోర్డ్" అన్నాను. అది 1932 రోడ్‌స్టర్, మడ్‌గార్డులు పీకేసి, ముందు వైపు కిందికి దించిన అసలు సిసలు హాట్ రాడ్. జనం కొనగలిగిన ధరలో ఫోర్డ్ మొదటి వీ ఎయిట్ తెచ్చింది ఆ ఏడాదే, 65 గుర్రాల బలంతో. ఆ ఇంజన్‌లో ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు పొగ పోయే దారులు మూడే. మధ్యలో ఉన్న రెండూ ఒకే దారి పంచుకుంటాయి. ఆ గుడగుడ అందుకే. కాలిఫోర్నియా కుర్రాళ్లు బరువంతా ఊడదీసి ఎండిన చెరువుల మీద పరుగెత్తించింది ఇలాంటి వాటినే. ఇదంతా మనవడికి చెబుతుంటే నా స్నేహితుడు తల ఊపుతూ నా పెదాలు చదువుతున్నాడు. కొంచెంసేపటికి మా వెనక పార్క్ చేసిన కారెవరో స్టార్ట్ చేశారు. సన్నని కూత. "క్రైస్లర్, తాతా!" అని మనవడు నాకన్నా ముందు అరిచాడు.

చీకటి పడుతోంది. కార్ల వరస కాస్త పలచబడింది. నా వెనక ఎక్కడో లోగొంతుకతో ఒక వీ ఎయిట్ వస్తోంది. తెలిసిన గొంతు. నేను నోరు తెరవలేదు. స్నేహితుడు చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని, కుర్చీ అల్యూమినియం చేతి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"పాంటియాక్?" అని అడిగాడు.

అవునని తలూపాను.

"మూడు కార్బరేటర్లా?"

అది మాత్రం అరచేతికి తెలియదు. నాకూ తెలియలేదు, బండి నెమ్మదిగా వెళ్తోంది. ఇంతలో ముందు కాస్త ఖాళీ దొరికినట్టుంది, నడిపేవాడు ఒక్క క్షణం పెడల్ లోతుగా తొక్కి వదిలాడు.

నేనేమీ చెప్పలేదు. అతను నా ముఖం చూసి, కింద ఐసు పెట్టెలోంచి రూట్ బీర్ డబ్బా తీసి, మూత లాగి, నా చేతికిచ్చాడు.