మూలన నిలిచే నీళ్లు

బుధవారం. రాత్రి పదకొండున్నర.

పొద్దుట్నుంచీ నీళ్లలో నాని వేళ్లన్నీ ముడతలు పడిపోయాయి, టైప్ చేస్తుంటే ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడుతోంది. అయినా ఇవాళే రాసేయాలి. రేపటికి వదిలేస్తే మర్చిపోతాను, మర్చిపోకపోయినా నా తప్పు కొంచెం తగ్గించి రాసుకుంటాను. రాస్తున్నది కూడా బ్రూవరీలోనే, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) బస్తా మీద కూర్చుని.

లైసెన్స్ వచ్చాక ఇది మూడో బ్యాచ్ బీరు. మొదటిది పారబోశాం. పుల్లబడిపోయింది. ట్యాంకు విప్పి చూస్తే ఒక వాల్వు గాస్కెట్ (రబ్బరు వాషరు) వెనక గోరంత మడ్డి ఉంది, అంతే, దానికి 500 లీటర్లు కాలవపాలు. రెండోది ఒకటో నంబర్ ట్యాంకులో ఎనిమిది రోజులుగా కూర్చుని ఉంది. దాన్ని నమ్ముకునే, శనివారం తలుపులు తీస్తున్నాం రండి అని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెప్పేశాం. ఇవాళ మూడోది కాయాలి, ఎందుకంటే రెండోది అయిపోతే వెనక ఇంకోటి ఉండాలి కదా. (అయిపోతుందని మాకున్న నమ్మకం చూడండి.)

నాలుగున్నరకి లేచి ఐదింటికల్లా షట్టర్ ఎత్తాను. నీళ్ల ట్యాంకు హీటర్ వేసి, మాల్ట్ మిల్లు దగ్గరికి వెళ్లాను. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం ఉంది. పోయినసారి గ్రావిటీ (రసం నీళ్లకన్నా ఎంత బరువో చెప్పే అంకె) 1.048 రావాల్సింది 1.044 దగ్గర ఆగిపోయింది, అంటే గింజలోంచి రావాల్సిన చక్కెర పూర్తిగా రాలేదు. గింజ ఇంకొంచెం మెత్తగా నలిగితే వస్తుంది కదా అని రోలర్ల మధ్య సందు కాస్త బిగించాను. బావ ఇంకా రాలేదు. వచ్చాక అడిగితే వద్దంటాడని తెలుసు, అందుకే రాకముందే బిగించాను.

110 కిలోల మాల్ట్ ఆడించి, వేడినీళ్లలో కలిపి, 66 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. ఈ గంట నాకు ఇష్టం. వేడి గింజ వాసన షెడ్డంతా పట్టేస్తుంది, గింజలోని ఎంజైములు పిండిని చక్కెర చేసుకుంటూ పోతుంటాయి, మనం చేసేదేమీ ఉండదు, టెంపరేచర్ చూసుకోవడం తప్ప. గంటయ్యాక తెల్ల సాసర్లో ఒక చుక్క తీసి పక్కనే అయోడిన్ చుక్క వేసి అగ్గిపుల్లతో కలిపాను. పిండి మిగిలి ఉంటే నల్లగా మారుతుంది. మారలేదు, అయోడిన్ గోధుమరంగులోనే ఉంది. భలే అనుకుని వాల్వు తిప్పాను.

మొదట బాగానే వచ్చింది. కాసేపటికి ధార సన్నబడింది. ఇంకాసేపటికి దారంలా అయింది. తర్వాత అదీ లేదు. పంపు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గురగురమంటోంది. మ్యాష్ ట్యాంకు అడుగున చిల్లుల పళ్లెం ఒకటి ఉంటుంది, గింజ పొట్టు దాని మీద పేరుకుని జల్లెడలా పనిచేస్తుంది, రసం వడకట్టుకుంటూ కిందికి దిగుతుంది. పొట్టు ముక్కలు పెద్దగా ఉంటేనే ఇదంతా. నేను పొట్టునీ పిండి చేసేశాను. పైగా రావట్లేదని పంపు స్పీడు పెంచాను, దాంతో ఆ పరుపు కాస్తా కిందికి అణిగిపోయి సిమెంటు అయిపోయింది.

సరిగ్గా అప్పుడు బావ వచ్చాడు. పంపు చప్పుడు వింటూ గుమ్మంలోనే ఆగాడు.

“రోలర్లు ముట్టుకున్నావా?”

“కొంచెం.”

“ఎంత కొంచెం?”

నేను మాట్లాడలేదు. ఆయన కూడా ఇంకేం అనలేదు, చొక్కా చేతులు మడుచుకుంటూ లోపలికి వచ్చేశాడు. తిట్టినా బాగుండేది. ఇద్దరం పంపు ఆపి, కిందనుంచి వేడినీళ్లు ఎక్కించి ఆ పరుపుని పైకి లేపాం, తెడ్డుతో నెమ్మదిగా కలిపాం, పది నిమిషాలు అలా వదిలేశాం, మళ్లీ వాల్వు వేలెడంత కూడా తిప్పకుండా, ఊరికే తాకినట్టు తిప్పాం. దారం వచ్చింది. దారం పెన్సిలంత అయింది. రెండు గంటలు పోయాయి మొత్తానికి. గ్రావిటీ మాత్రం 1.049 వచ్చింది, ఆ మాట బావతో చెప్పడానికి ఇది టైము కాదని ఊరుకున్నాను. ఆయనే హైడ్రోమీటర్ చూసి, “వచ్చిందిలే నీ ఒక్క పాయింటు” అన్నాడు.

వర్ట్ (వడకట్టిన ఆ రసం) మరుగు పట్టేటప్పుడు మాత్రం పక్కనుంచి కదలకూడదు. నురగ గోధుమరంగు దుప్పటిలా లేచి, ఒక్క క్షణం అంచు దగ్గర ఆగినట్టే ఆగి పొంగుతుంది. ఒకరు నీళ్ల స్ప్రే పట్టుకుని, ఒకరు హీటర్ స్విచ్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాం. అది దిగాక చేదు కోసం మొదటి విడత హాప్స్ పూలు వేసి, వాసన కోసం వేసేవి చివరికి పక్కన పెట్టుకున్నాం. ఇక గంట ఖాళీ. ఖాళీ అంటే రెండో ట్యాంకు కడుక్కోవడం.

కడగడం గురించి నాకు ఎవరూ ముందే చెప్పలేదు. అబద్ధం, అందరూ చెప్పారు, నేను వినలేదు. బీరు కాచేవాడి పనిలో ముప్పావు వంతు కడగడమే అని మేము వెళ్లి చూసిన ప్రతి బ్రూవరీలోనూ అన్నారు, ఏదో వినయంగా అంటున్నారులే అనుకున్నాను. ముందు నీళ్లు, తర్వాత వేడి కాస్టిక్ సోడా, మళ్లీ నీళ్లు, తర్వాత క్రిములు చావడానికి పెరాసెటిక్ యాసిడ్. గాస్కెట్లు ఒక్కొక్కటీ విప్పి బ్రష్షు పెట్టి తోమడం. ఆ గోరంత మడ్డి తర్వాత నేను గాస్కెట్లని టార్చిలైట్ వేసి చూస్తున్నాను.

కాస్టిక్ పోసేముందు బావ రెండుసార్లు అడిగాడు, గ్యాస్ పోయిందా, గ్యాస్ పోయిందా అని. ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ ఉండగా కాస్టిక్ పోసి మూత వేస్తే, కాస్టిక్ ఆ గ్యాస్‌ని పీల్చేసుకుంటుంది, లోపల శూన్యం ఏర్పడి స్టీలు ట్యాంకు తాగేసిన జ్యూస్ డబ్బాలా లోపలికి నలిగిపోతుంది. అలా నలిగిన ట్యాంకు ఫోటో ఒకటి చూసినప్పట్నుంచీ నాకు అదే టెన్షన్. పై మూత తీస్తే గ్యాస్ పోతుందనుకుంటాం, పోదు. గాలికన్నా బరువు కదా, బావిలో నీళ్లలా అడుగునే కూర్చుంటుంది. రాత్రే అడుగు వాల్వు తీసి, గాలి ఊది పెట్టి వెళ్లాం. ఒక్క 500 లీటర్ల బ్యాచ్ పులిసేటప్పుడు సుమారు 20 కిలోల గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో మనిషి ప్రాణం తీయడానికి అది చాలా ఎక్కువ. అందుకే అలారం మోకాలి ఎత్తులో బిగించాం, కిటికీ ఎప్పుడూ మూయం.

కడిగిన నీళ్లన్నీ ఎటు పోతాయి? కాలవలోకి పోవాలి. చాలావరకు పోతాయి. ఒకటో ట్యాంకు వెనక మూలన మాత్రం నిలిచిపోతాయి.

ఆ మూల చూసినప్పుడల్లా ఈ ఏడాదంతా గుర్తొస్తుంది. నేల వేసేటప్పుడు వాలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రి ముందే బకెట్లతో నీళ్లు పోసి చూశాం. మూడు చోట్ల పోశాం. మూడు చోట్లా బుద్ధిగా కాలవలోకి వెళ్లాయి. నాలుగో చోట పొయ్యలేదు, అప్పటికి ఆకలేస్తోంది. ఇప్పుడు సరిచేయాలంటే ట్యాంకులు కదపాలి, పైపులు విప్పాలి, నేల పగలగొట్టాలి. కాబట్టి రోజూ వైపర్ పట్టుకుని తోస్తాం. బ్రూవరీ పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే ఈస్ట్ గురించి కాదు, హాప్స్ గురించి కాదు, నాలుగో బకెట్ గురించి చెప్తాను.

లైసెన్స్‌కి 11 నెలలు పట్టింది. ప్లాను మూడుసార్లు తిరిగొచ్చింది, అందులో ఒకసారి కాగితం మీద కాలవ ఒకచోట, నేల మీద ఇంకోచోట ఉందని. నిజమే, ఉంది. అప్పుడు ఆఫీసు మీద ఎంత కోపం వచ్చిందో, ఇప్పుడు మూలన నీళ్లు చూస్తుంటే ప్లాను తిప్పి పంపిన ఆ మనిషి ఒక్కడే మా కాలవని సరిగ్గా చూశాడనిపిస్తోంది. ఆ 11 నెలలూ అద్దె కట్టాం, ట్యాంకులు చెక్కపెట్టెల్లో ఉన్నాయి, లైసెన్స్ లేకుండా చుక్క కాయకూడదు. ట్యాంకులు లోపలికి తేవడం ఇంకో కథ, తలుపు కన్నా ట్యాంకు వెడల్పు నాలుగు వేళ్లు ఎక్కువ. కొలిచింది నేనే. కొలిచినప్పుడు కాళ్లకి బిగించిన పలకలు లెక్కలోకి తీసుకోలేదు. గోడ కొట్టించాం. కరెంటు లోడు సంగతి రాయను, బీపీ పెరుగుతుంది.

తీరా ఆ కాగితం చేతికొచ్చిన రోజు పండగ చేసుకుందామనుకున్నాం. ఆ రోజే ట్యాంకుల్ని చల్లబరిచే గ్లైకాల్ పైపు కారుతోంది. కవరు జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా పైపు కిందే ఉన్నాం, కవరు చెమటకి మెత్తబడ్డాక విప్పి చదివాం.

మధ్యాహ్నం వర్ట్ చల్లార్చి 19 డిగ్రీలకి తెచ్చి రెండో ట్యాంకులోకి పంపి, ఈస్ట్ వేశాం. మరిగించిన డ్రమ్ము అడుగున మడ్డి, మ్యాష్ ట్యాంకులో పిప్పి. పొద్దున 110 కిలోలు ఎత్తి పోసిన గింజ, తీసేటప్పుడు నీళ్లు పీల్చుకుని ఇంకా బరువు. పార పెట్టి డబ్బాల్లోకి ఎత్తి, పశువులున్నాయన వచ్చి పట్టుకెళ్లేదాకా మూత పెట్టాం. ఒకరోజు ఆలస్యమైతే పులిసి కంపు. బావ ఈలోగా శనివారం కోసం పది కెగ్గులు (బీరు నింపే స్టీలు పీపాలు) కడిగి, క్రిములు చంపి, వరసగా బోర్లించాడు. వాటి వైపు చూస్తే నాకే ముచ్చటేసింది.

ఆరున్నరకి ఒకటో ట్యాంకు సంగతి చూద్దామని కూర్చున్నాం. గ్రావిటీ 1.010, మూడు రోజులుగా అదే, అంటే పులవడం అయిపోయినట్టే, దాదాపు 4.5 శాతం ఆల్కహాల్. లెక్క ప్రకారం రెడీ. కానీ ఇంకో పరీక్ష ఉంది. రెండు గ్లాసుల్లో బీరు తీసి మూత పెట్టి, ఒకటి అలాగే ఉంచి, ఇంకోటి 60 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, తర్వాత చల్లార్చి రెండూ వాసన చూడాలి. పులిసేటప్పుడు ఈస్ట్ ఒక పదార్థం వదులుతుంది, దానికి వాసన ఉండదు, కానీ తర్వాత అది డయాసిటైల్ అవుతుంది, అది వెన్న వాసన కొడుతుంది. ఈస్ట్‌కి టైమిస్తే దాన్ని అదే తినేస్తుంది. టైమివ్వకుండా చల్లబరిచి కెగ్గుల్లో పోసేస్తే ఇవాళ బాగానే ఉంటుంది, వారం తర్వాత జనం గ్లాసులో వెన్న. వేడి చేసిన గ్లాసు ఆ వారం తర్వాతి సంగతి ఇవాళే చెప్పేస్తుంది.

చల్లని గ్లాసు శుభ్రంగా ఉంది. వేడి చేసింది మూత తీశాను. వెన్న. సన్నగా, కానీ వెన్నే.

బావకి ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని పీల్చి, “నాకేం రావట్లేదు” అన్నాడు. కొంతమందికి ఈ వాసన తెలియదు, అది నిజం. నాకు తెలియడం, ఆయనకి తెలియకపోవడం, ఎదురుగా పది కెగ్గులు, శనివారం అందరినీ రమ్మనడం. పొద్దున రోలర్ల దగ్గర నా మాట ఏమైందో ఇద్దరికీ గుర్తుంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను మళ్లీ చూశాను, ఈసారి బావ గ్లాసులు వెనకపెట్టి మార్చి మార్చి నాలుగుసార్లు ఇచ్చాడు. నాలుగుసార్లూ వేడిదేదో చెప్పేశాను.

“ఎన్ని రోజులు?” అన్నాడు.

“మూడో నాలుగో. కొంచెం వెచ్చగా ఉంచి చూడాలి.”

1516లో జర్మనీలోని బవేరియాలో రాసిన బీరు చట్టంలో బార్లీ, హాప్స్, నీళ్లు అని మూడే ఉన్నాయి, ఈస్ట్ మాటే లేదు, పులియబెట్టేది ఆ జీవేనని అప్పటికి తెలియదు మరి. ఒక్క కణంనుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచడం 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో హాన్సెన్ చేసి చూపించేదాకా ఆగాల్సి వచ్చింది. మేమూ దాన్ని లెక్కలో వేసుకోకుండానే శనివారం అని చెప్పేశాం.

ఫోన్లు బావే చేశాడు. ఒక్కొక్కరికీ అదే మాట, అదే గొంతు, “వచ్చే శనివారం అండీ, బీరు ఇంకా కాలేదు.” ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం, “కాకపోతే ఏంటండీ, మాకు తెలుస్తుందా” అన్నాడట. బావ నవ్వలేదు. “మావాడికి తెలుస్తోందండీ” అన్నాడు. అది నేను పక్కగదిలో పైపులు చుడుతూ విన్నాను, విననట్టే ఉన్నాను. కెగ్గులు మళ్లీ వచ్చే వారం క్రిములు చంపుకోవాలి.

అమ్మ ఫోన్ చేసింది. ఏం చేశావురా ఇవాళ అంది. కడిగానమ్మా అన్నాను. నిన్నా అదే చెప్పావుగా అంది.

నీళ్ల మీటరు చూస్తే పొద్దుట్నుంచి 3,600 లీటర్లు తిరిగింది, 500 లీటర్ల బీరు కోసం. చల్లార్చడానికి వాడిన నీళ్లు రేపటికి పట్టి పెట్టాం కాబట్టి కొంత నయం. రెండో ట్యాంకు గొట్టం బకెట్‌లో మునిగి ఉంది, ఇంకా ఒక్క బుడగ లేదు. రాదు కూడా, ఈస్ట్ లేవడానికి తెల్లారుతుంది. తెలిసి కూడా పది నిమిషాలు దాని ముందు కూర్చున్నాను.

బావ వెళ్లిపోయాడు. వెళ్తూ మిల్లు దగ్గర ఆగి, రోలర్లు పాత సందుకి తిప్పి, మార్కర్‌తో గీత గీసి వెళ్లాడు.

లైట్లు ఆపేముందు వైపర్ తీసుకుని మూలన నీళ్లు కాలవ దాకా తోశాను. వైపర్ గోడకి ఆనించి వెనక్కి తిరిగేసరికి సగం మళ్లీ మూలకే వచ్చేశాయి.