దేవప్రయాగలో చెంబు స్నానం

బదరీ నుంచి దిగి ఇల్లు చేరాం గానీ పెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. బట్టల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది రాసేయాలి.

మొక్కు మా అత్తయ్యది. మా ఆయనకు బైపాస్ జరిగిన రోజు ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని, "వాడు లేచి నడిస్తే దేవప్రయాగ సంగమంలో మూడు మునకలు వేయించి, బదరీ నారాయణుడి ముందు నిలబెడతాను" అని మొక్కుకుంది. ఆయన లేచారు, నడిచారు, ఇప్పుడు మేడ మెట్లు కూడా ఎక్కుతున్నారు. యాత్రకి డాక్టరుగారు సరేనన్నారు గానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పారు. మంచు కరిగిన నీళ్ళలో ఒక్కసారిగా మునగకూడదట. ఆ చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ ఎగురుతుంది, ఊపిరి అదుపు తప్పుతుంది. గుండె కోసి కుట్టిన మనిషి అదంతా తట్టుకోవాలి. ఈ మాట అత్తయ్య చెవిన ఎలా వేయాలా అని హరిద్వార్ దాకా నాకు ఒకటే టెన్షన్.

మాది రాజమండ్రి. నదీస్నానానికి భయపడతారని మా ఇంట్లో ఎవరికీ తోచదు. కార్తీకంలో తెల్లవారుజామున పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడితే గాలికి పళ్ళు టకటకలాడతాయి, నీళ్ళలోకి దిగితే మాత్రం గోరువెచ్చగా హాయిగా ఉంటుంది. గాలి చల్లబడినంత తొందరగా అంత పెద్ద గోదావరి చల్లబడదు మరి. ఎండాకాలం సాయంత్రాల్లో అయితే ఒడ్డు నీళ్ళు కాచి పోసినట్టే ఉంటాయి. అందుకే అత్తయ్య, "వైశాఖ మాసంలో, ఇంత ఎండల్లో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయే?" అని నన్నే దబాయించింది.

కొండల్లో ఆ లెక్క పనికిరాదు. ఎండ ముదిరేకొద్దీ పైన మంచు ఎక్కువ కరిగి నది ఇంకా ఉరవడిగా వస్తుంది. హరిద్వార్‌లో బయట మాడు పగిలే ఎండ, హర్ కీ పౌడీ ఘాట్‌లో పాదం పెడితే జివ్వుమంది. చలికాలంలో నీరు తగ్గి తేటగా ఉంటుంది గానీ అప్పటి చలికి దిగడమే గొప్ప. వానాకాలమంతా బురద నీళ్ళు, వరద. రిషీకేశ్‌లో రాఫ్టింగే ఆపేస్తారు. పోనీ వానలు తగ్గాక వెళ్దామంటే, హరిద్వార్‌లో ఆ ఘాట్‌కి నీళ్ళొచ్చే గంగ కాలువని దసరా నుంచి దీపావళి దాకా మూసి పూడిక తీస్తారు. ఆ రోజుల్లో వెళ్ళిన మా తోడికోడలు స్నానానికి నీళ్ళే లేవని ఉసూరుమంటూ వచ్చింది.

హరిద్వార్‌లో స్నానం అయిందనిపించామంతే. జనం, జనం. ఒడ్డున గొలుసు పట్టుకోవడానికి చోటు లేదు, పట్టుకున్నవాళ్ళేమో వదలకుండా సెల్ఫీలు. పక్కావిడ ప్లాస్టిక్ క్యాన్ నా మోచేతికి తగిలి ఇప్పటికీ నల్లగా కమిలి ఉంది.

దేవప్రయాగ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. రోడ్డు మీంచే కనిపిస్తాయి రెండు నదులూ. భాగీరథి పచ్చగా, అలకనంద మట్టి రంగులో వచ్చి కలుస్తాయి. టెహ్రీ డ్యామ్ దగ్గర నీళ్ళు నిలిచి ఒండ్రు అడుగుకు చేరడం వల్ల భాగీరథి ఇంత తేటగా ఉంటుందని మా డ్రైవర్ చెప్పాడు. కిందకి దిగితే ఆ అందం చూసే ధైర్యం పోయింది. చివరి మెట్టు పక్కనే నీళ్ళు రొద చేస్తూ పరుగెడుతున్నాయి. ఇక్కడ ఈత మాట ఎవరూ ఎత్తరు. పైన డ్యాముల నుంచి వదిలితే నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయని హెచ్చరిక బోర్డు కూడా ఉంది.

మా ఆయన చొక్కా విప్పుతున్నారు. నేను వద్దంటున్నాను. అత్తయ్య, "మూడే మునకలే, దేవుడు చూసుకుంటాడు" అంటోంది. మా గొడవ విని ఒక ముసలి పురోహితుడు దగ్గరకొచ్చాడు. బదరీ యాత్రికులకి పూజలు చేయించే పండాలు ఉండే ఊరు అది, దక్షిణాది యాత్రికులతో తరతరాల పరిచయం. హిందీ, తమిళం కలిపిన తెలుగులో, "ఏమైందమ్మా?" అని అడిగాడు. నేను మా ఆయన ఛాతీ మీద గాటు చూపించాను, అంతే.

ఆ పురోహితుడు నన్ను సమర్థించలేదు, అత్తయ్యతో వాదించనూ లేదు. "అమ్మగారూ, మునకలు నేను వేయిస్తాను, మీరు ఇక్కడ కూర్చుని చూడండి" అన్నాడు. మా ఆయన్ని పై మెట్టు మీద ఎండలో కాసేపు కూర్చోబెట్టాడు. గొలుసు చేతికిచ్చి, చెంబుతో ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ళు, చేతులు, మెడ వెనక కొద్దికొద్దిగా పోశాడు. ప్రతి చెంబుకీ ఆగి, ఈయన ఊపిరి కుదుటపడ్డాకే ఇంకోటి. ఆ తర్వాత సంకల్పం చెప్పించి తల మీద పోస్తూ, అత్తయ్యకి వినబడేలా గట్టిగా లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు. అయిపోయాయి అమ్మగారూ, మూడు మునకలు." పురోహితుడే లెక్కపెట్టాక అత్తయ్య ఇంకేమంటుంది? చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కూడా.

మా ఆయన వణుకుతుంటే ఆ పెద్దాయన తన ఉన్ని శాలువా తీసి కప్పేశాడు. దక్షిణ మామూలుగా ఎంతో అంతే తీసుకున్నాడు. "శాలువా వచ్చేటప్పుడు ఇవ్వండి, పైన ఇంకా చలి" అన్నాడు.

పైకి వెళ్ళే దారి సంగతి రాయను. ట్రాఫిక్ జాములు, ఆవిరి పట్టిన అద్దాలు, ఎక్కడ ఆగామో ఎక్కడ తిన్నామో నాకే గుర్తులేదు. బదరీలో ఒక పక్క గడ్డకట్టించే అలకనంద, గట్టు మీదే పొగలు కక్కే తప్తకుండం. నలభై అయిదు డిగ్రీలు ఉంటుందంటారు. పదివేల అడుగుల ఎత్తులో, అసలే ఆయాసం మీద, ఆ వేడిలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయని అక్కడా చెంబు స్నానమే. అత్తయ్య ఈసారి నోరెత్తలేదు.

క్యూ గంటల తరబడి. అందరూ ఒక వరసలో వణుకుతుంటే, పక్క దారిలో ఎవరెవరో ఎవరెవరి పేర్లో చెప్పుకుని ముందుకు వెళ్ళిపోతున్నారు. ఒంట్లో వేడంతా నాకు కోపంగా మారింది. గర్భగుడి ముందు తోపులాటలో అత్తయ్య చెయ్యి జారిపోయింది. ఎవరి భుజం మీంచో చూశాను. నల్లని సాలగ్రామ శిల, పద్మాసనం, తులసి మాలలు, నుదుట గంధం, దీపపు వెలుగు. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయి "ఈయన్ని తీసుకొచ్చాం స్వామీ" అన్నాను. అప్పటికే నన్ను పక్కకి నెట్టేశారు. బయట అత్తయ్య, ఈయన నా కోసమే చూస్తున్నారు. "కళ్ళు చూశావా?" అంది అత్తయ్య. నేను కళ్ళే చూడలేదు, అయినా తలూపాను.

దిగేటప్పుడు పైన వానలు. దేవప్రయాగలో మేము కూర్చున్న మెట్టు నీళ్ళ కింద ఉంది, పోలీసులు ఎవరినీ దిగనివ్వడం లేదు. పురోహితుడు రఘునాథుడి గుడి దగ్గర దొరికాడు. శాలువా ఇచ్చాం.

"2027లో మా గోదావరికి పుష్కరాలు, జూన్ నెలాఖర్లో. తప్పకుండా రావాలి" అంది అత్తయ్య.

"జూన్ అంటే వానలు కదమ్మా? నీళ్ళు ఎలా ఉంటాయి?"

"ఎర్రగా ఉంటాయి, వెచ్చగా ఉంటాయి. మీ మునకలు నేను లెక్కపెడతాను, రండి."