కీబోర్డు బానే ఉంది, డాంగిల్ పెట్టిన చోటే బాలేదు

వైర్‌లెస్ కీబోర్డు అక్షరాలు మింగేస్తోందండీ అని ఎవర్ని అడిగినా ముందొచ్చే మాట సెల్లు మార్చండి అని, మార్చినా అలాగే ఉందంటే విండోస్ ఫార్మాట్ కొట్టించండి అని. తెనాలిలో మా బావకి ఎమ్మార్వో ఆఫీసు పక్క సందులో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది, అక్కడ ఈ రెండు వైద్యాలూ అయిపోయాయి, ఫార్మాట్ కొట్టిన కుర్రాడు డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు, అను తెలుగు ఫాంట్లూ ప్రింటర్ డ్రైవర్లూ మళ్ళీ ఎక్కించుకోడానికి బావ ఒక పూట బేరం పోగొట్టుకున్నాడు, కీబోర్డు మాత్రం నాలుగు కొడితే మూడే వేస్తూ తన దారిన తను పోతూనే ఉంది.

ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ రోజంతా అఫిడవిట్లు, అగ్రిమెంట్లు, అర్జీలు. సత్యనారాయణ గారి పేరులో వత్తు ఎగిరిపోయి సతనారాయణ అయితే ఆయనే చదువుకుని ఇదేంటయ్యా అంటాడు, సరిచేయొచ్చు. ఆధార్ నంబర్లో ఒక అంకె పడకపోతే 12 అంకెలు లేవని ఆన్‌లైన్ ఫారమే ముందుకి కదలదు. అదే వర్డ్‌లో కొట్టే అగ్రిమెంటులో సర్వే నంబరు 214 కాస్తా 21 అయి కూర్చుంటే అరిచేవాళ్ళెవరూ ఉండరు, ఎందుకంటే 21 కూడా సర్వే నంబరే! అందుకని బావ ప్రతి కాగితం ప్రింటు తీసే ముందు అంకెలన్నీ పైకి చదివి వినిపించడం మొదలెట్టాడు, వెనక నిలబడ్డవాళ్ళేమో మాది ఎప్పుడవుద్దని విసుక్కోడం.

వైరు కీబోర్డు పెట్టుకోవచ్చుగా అంటారేమో. కౌంటరు ఉన్నదే మూరెడు, దాని మీద స్కానరు, డబ్బుల డబ్బా, స్టాంపు ప్యాడ్‌లు, కీబోర్డు ఎత్తి పక్కన పెడుతూ తీస్తూ ఉండాలి, వైరు ఉంటే ప్రతిసారీ దేనికో ఒకదానికి తగులుకునేది. ఆయనకి వైర్‌లెస్ అనేది సోకు కాదు, అవసరం.

నేను వెళ్ళినప్పుడు కీబోర్డు ముట్టుకోలేదు, బావ టైపు చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నా. ఎందుకంటే ఒక్క పేరుతో పిలిచే ఈ రోగం నిజానికి నాలుగైదు రోగాలు, చూస్తేగానీ ఏదో తెలీదు. కొట్టినవన్నీ కాసేపు ఆగి ఒక్కసారిగా బిలబిలా పడ్డాయంటే అక్షరాలు పోలేదు, ఆలస్యమయ్యాయి అంతే, అప్పుడు కంప్యూటరే ఏదో అప్‌డేటుతో కొట్టుకుంటోందని చూసుకోవాలి. కాసేపు ఖాళీగా ఉన్నాక కొట్టిన మొదటి అక్షరం మాత్రమే పోతుంటే అది నిద్ర గోల, కీబోర్డు దానంతటది పడుకుంటుంది లేదా విండోస్ ఆ యూఎస్‌బీ పోర్టుని పడుకోబెడుతుంది. ఎప్పుడూ ఒకే కీ మొరాయిస్తుంటే దానికీ వైర్‌లెస్‌కీ సంబంధం లేదు, కింద మట్టో టీ మరకో. ఇవేవీ కాకుండా మధ్యలో ఎక్కడపడితే అక్కడ గుత్తులుగా పోతుంటే, లేదా ఒక్కసారి కొట్టిన అక్షరం ఆగకుండా వరసపెట్టి పడిపోతుంటే, గాల్లో సిగ్నల్ దెబ్బతింటోందని అనుమానించాలి. కీ నొక్కినప్పుడు ఒక కబురు, వదిలినప్పుడు ఇంకో కబురు వెళ్తాయి, వదిలిన కబురు దార్లో పోతే కంప్యూటర్ ఇంకా నొక్కే ఉంచారనుకుని అదే అక్షరం వేస్తూ పోతుంది. బావది ఈ రకమే.

"బావా, ఇది ఎప్పుడు ఎక్కువ చేస్తది?" అని అడిగా.

"జనం ఉన్నప్పుడేరా. షాపు ఖాళీగా ఉంటే బుద్ధిగా ఉంటది దొంగది."

నవ్వొచ్చింది గానీ దొరకాల్సిన ఆనవాలు దొరికేసింది. జనం ఉన్నప్పుడు ఆ కంప్యూటర్‌కి ఏమవుద్ది? పెన్‌డ్రైవులు పెడతారు, పాత ఫైలు కావాలంటే బావ తన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలిస్తాడు, నిలబడ్డవాళ్ళ ఫోన్లు ఊరికే ఉండవు, షాపు వైఫై పాస్‌వర్డ్ సందంతా తెలుసు. వంగి సీపీయూ వెనక చూస్తే ఇంకేముంది, రెండు నీలం పోర్టులు ఒకదాని మీద ఒకటి, కింద దాంట్లో హార్డ్ డిస్క్ కేబులు, పైదాంట్లో గోరంత కీబోర్డు డాంగిల్, అదే కీబోర్డు సిగ్నల్ అందుకునే ముక్క. సీపీయూ నెత్తిన వైఫై రౌటరు. ముందువైపు పెడితే జనం పెన్‌డ్రైవు అనుకుని పీకేస్తున్నారని డాంగిల్‌ని వెనక దాచాడట, అదీ న్యాయమే.

ఈ నీలం పోర్టుల కథ తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసినవాళ్ళు కస్టమర్లకి చెప్పేదీ తక్కువ. నీలం అంటే మామూలుగా యూఎస్‌బీ 3.0, అది సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపిస్తుంది, ఆ వేగంలో పోర్టు నుంచీ కేబుల్ నుంచీ హార్డ్ డిస్క్ నుంచీ కాస్త రేడియో రొద బయటికి కారుతుంది, ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల కూడా పరుచుకుంటుంది, మన డాంగిల్ వినేదీ ఆ 2.4లోనే. ఇది నా సిద్ధాంతం కాదు, ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద ఒక పేపర్ వేశారు, హార్డ్ డిస్క్ పెడితే ఆ బ్యాండులో రొద దాదాపు 20 డెసిబెల్స్ వరకూ పెరగొచ్చని కొలిచి చూపించారు. 20 డెసిబెల్స్ అంటే పవర్‌లో వంద రెట్లు. కోటప్పకొండ తిరనాళ్ళలో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే మరి. అవతల కీబోర్డు పాపం రెండు సన్న పెన్సిల్ సెల్లతో ఎంతని అరుస్తుంది, పైగా దానికీ డాంగిల్‌కీ మధ్యలో సీపీయూ ఇనప డబ్బా, ఇనప కౌంటరు.

అనుమానం సరే, రుజువు కావాలి కదా. నోట్‌ప్యాడ్ తెరిచి ఒకటి నుంచి సున్నా దాకా అంకెలు వరసగా, లైన్ల కొద్దీ కొట్టమన్నా బావని. అంకెలైతే ఏది పోయిందో ఇట్టే కనపడుద్ది, లైన్ పొట్టిగా ఉంటే చాలు. ముందు హార్డ్ డిస్క్ పీకేసి కొట్టించా, లైన్లన్నీ సమానంగా వచ్చాయి. తర్వాత డిస్క్ పెట్టి పెద్ద ఫోల్డరు ఒకటి కాపీకి వదిలి కొట్టించా, లైన్లన్నీ ఎలకలు కొరికినట్టు వచ్చాయి. ఇంకో మాట, నీలం పోర్టులో ఊరికే డాంగిల్ పెట్టినంత మాత్రాన ఏమీ కాదు, పక్కన ఇంకో యూఎస్‌బీ 3.0 వస్తువు గట్టిగా పని చేస్తున్నప్పుడే ఈ తంటా. అందుకే కంప్యూటర్ రిపేర్‌కి ఇస్తే అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వాళ్ళ టేబుల్ మీద మీ హార్డ్ డిస్క్ ఉండదు కదా.

వైద్యం చూస్తే సిగ్గేస్తుంది, వంద నూటయాభైకి దొరికే మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబులు. డాంగిల్‌కి పెద్ద స్పీడు అక్కర్లేదు కాబట్టి మామూలు 2.0 కేబులు చాలు. దాన్ని వెనక నల్ల పోర్టులో, అంటే 2.0 పోర్టులో గుచ్చి, చివర డాంగిల్ పెట్టి, మానిటర్ స్టాండు పక్కన కీబోర్డుకి ఎదురుగా, ఇనుము అడ్డం లేకుండా టేపేశాం. టేపు మీద బావ "తీయరాదు" అని ప్రింటు తీసి అంటించాడు, డీటీపీ షాపు కదా. వైఫై కూడా ఆ 2.4 బ్యాండే వాడుతుంది కాబట్టి రౌటర్ని గోడ మేకుకి ఎక్కించి సెట్టింగుల్లో 2.4 బ్యాండు వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించా, 5 గిగాహెర్ట్జ్ ఉన్న ఫోన్లని అటు మార్చుకోమన్నాం, ఎవరు మార్చుకున్నారో దేవుడికెరుక. పనిలో పనిగా డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌లు తెరిచి పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం ఈ డివైస్ ఆపేయొచ్చు అనే టిక్కు తీసేశా. డెస్క్‌టాప్‌లో ఆ ఆదాతో ఒరిగేదేం లేదు. మళ్ళీ కాపీ పెట్టి అంకెలు కొట్టిస్తే లైన్లు తిన్నగా వచ్చాయి, బావ నమ్మక ఇంకో పేజీ కొట్టాడు.

సెల్లకి అసలు సంబంధమే లేదని కాదు. సెల్లు నీరసిస్తే ఈ రొదలో గొంతు ఇంకా లేవదు, అందుకే కొత్తవి వేసిన పూట కాస్త నయంగా అనిపించి, సెల్లదే తప్పని జనం ఫిక్సయిపోతారు. రీఛార్జబుల్ సెల్లు వేసేవాళ్ళకి ఒకటి, అవి 1.2 వోల్టులే, ఆల్కలైన్ 1.5, కాబట్టి నిండుగా ఛార్జ్ చేసినా కొన్ని కీబోర్డులు బ్యాటరీ తక్కువ అని చూపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. రిమోట్లలో వేసే చవక జింక్ సెల్లు మాత్రం వద్దు, కారి స్ప్రింగులు తినేస్తాయి.

హైదరాబాద్‌లో ఒక ఫ్రెండుది ఇంకో రకం. కొత్తగా అసెంబుల్ చేయించుకున్న పీసీ, బ్లూటూత్ కీబోర్డు, చేతిలో పట్టుకుని సీపీయూ వెనక పెడితే తప్ప పని చేయదు. మదర్‌బోర్డు అట్టపెట్టె వెతికితే వైఫై యాంటెన్నాలు కవరు కూడా విప్పకుండా ఉన్నాయి, అసెంబుల్ చేసినవాళ్ళు బిగించనేలేదు! బ్లూటూత్ కూడా ఆ యాంటెన్నాల మీదే నడుస్తుంది, డెస్క్‌టాప్‌లో అవి లేకపోతే ఇనప డబ్బాలో కూర్చుని పిలిచినట్టే అవుద్ది. అది కాకుండా, బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందొచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళాలంటే బ్లూటూత్ కీబోర్డు చాలావరకూ అక్కరకి రాదు, డాంగిల్ రకం వస్తుంది. పాత వైరు కీబోర్డు పారేయకుండా అటక మీద ఉంచండి.

ఫిల్టర్ కీస్ అని విండోస్‌లో ఒక ఫీచరుంది, కుడి షిఫ్టు 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆన్ చేయాలా అని అడుగుతుంది, చూడకుండా ఎంటర్ కొట్టామా, ఇక త్వరగా కొట్టిన కీలని లెక్కలోకే తీసుకోదు. కీబోర్డు మీద పుస్తకాలు పెట్టే పిల్లలున్న ఇళ్ళలో ముందు ఇది చూడండి.

ఇవన్నీ చూశాక కూడా అలాగే ఉంటే కీబోర్డునీ డాంగిల్‌నీ వేరే లాప్‌టాప్‌కి పెట్టి అదే అంకెల పరీక్ష చేయండి, అక్కడా పోతుంటే అప్పుడు కీబోర్డుదే లోపం, వారంటీకి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు డాంగిల్ కూడా తీసుకెళ్ళాలి, చవక సెట్లలో ఎక్కువగా ఆ కీబోర్డుకి ఆ డాంగిలే జత, వేరేది పెడితే పలకదు.