కలశం తోమాకే ఆవాహన

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

పూజకు కూర్చోగానే కలశంలోని నీటికి ఈ శ్లోకం చెప్పుకుంటాం. ఏడు నదులనూ చెంబెడు నీళ్లలోకి రమ్మని పిలుస్తాం. ఆ చెంబును అంతకుముందే చింతపండుతో తోమి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఉంచుతాం. ఆ తోమడమూ పూజే. కార్తీకంలో రాజమండ్రి ఘాట్లలో చెత్త ఏరడం కూడా అలాంటి పనే.

నదిలో చేరేదంతా నిర్లక్ష్యం వల్ల చేరదు. దేవుడి పూలు ఎవరి కాలికీ తగలకూడదని, పాత పటాలను చెత్తకుండీలో పడేయడానికి మనసొప్పక గోదారమ్మలో కలుపుతారు. అందుకే మెట్ల పైన పెట్టే గంప మీద ‘చెత్త’ అని రాస్తే అందులో ఒక్క పువ్వూ పడదు. పసుపు రాసిన వెదురు గంప పెట్టి ‘నిర్మాల్యం’ అని రాయండి. పక్కన ఒకరు నిలబడి రెండు చేతులా అందుకోవాలి. ఈ పూలు మొక్కల మొదట్లోకి వెళ్తాయని చెబితే పెద్దవాళ్లు సంతోషంగా ఇస్తారు. మందలిస్తే మాత్రం పక్క ఘాట్‌కు వెళ్లి వదులుతారు.

నీళ్ల దగ్గర పని తెల్లవారుజామున వదిలిన దీపాలు కొండెక్కి, స్నానాల రద్దీ తగ్గాకే మొదలుపెట్టాలి. ముందు మెట్లు, తర్వాత నీళ్లు. మెట్ల మీదది వదిలేస్తే గాలికి మళ్లీ నీళ్లలోనే పడుతుంది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉండటంతో ఇక్కడ వరదలు లేనప్పుడు నీరు నిదానంగా కదులుతుంది. వదిలినవి కొట్టుకుపోక గాలివాటున ఘాట్ మూలల్లో పోగవుతాయి. అక్కడ కుళ్లే పూలు చేపలకు అందాల్సిన ప్రాణవాయువును లాగేస్తాయి. అరటి దొప్ప చివరికి నీళ్లలో కలిసిపోతుంది. థర్మోకోల్ దొన్నె పూసపూసలుగా విడిపోతుంది, ఆ తర్వాత సన్నకన్ను వలకు తప్ప అందదు.

అన్నిటికన్నా కష్టం బట్టలతో. స్నానం చేసి విడిచిన చీర బురదలో కూరుకుపోతుంది. ఒక కొస పట్టి గుంజితే చిరిగి, మిగతాది లోపలే ఉండిపోతుంది. గెడకు కట్టిన కొక్కెంతో చుట్టూ బురద కదిలించి, ఇద్దరు కలిసి మెల్లగా లాగి, మెట్టు మీద నీరు ఓడనివ్వాలి.

క్షౌరం బ్లేడ్లు, పటాల అద్దం ముక్కలు మెట్ల సందుల్లో ఉంటాయి. మందపాటి రబ్బరు తొడుగులు, కాన్వాసు బూట్లు తప్పనిసరి. గంబూట్లు వద్దు, వాటిలోకి నీరు చేరితే పాచి మెట్ల మీద కాలు కదపలేం. ఎవరూ మోకాలి లోతు దాటకూడదు. ఈత వచ్చిన ఒకరు తాడుతో గట్టునే ఉండాలి. యూరియా సంచులకు అడుగున చిల్లులు పొడిచి, సగమే నింపాలి.

వేరు చేయడం అక్కడికక్కడే జరగాలి. దండల్లోని నైలాన్ దారం లాగేశాకే పూలు ఎరువు గుంటకు వెళ్లాలి. బ్లేడ్లు, గాజు మూత ఉన్న రేకు డబ్బాలోకి. అగరుబత్తి కవర్లు పాతసామాన్ల వాళ్లు తీసుకోరు, అవి మునిసిపాలిటీ బండికే. బండి ఎన్నింటికి వస్తుందో ముందురోజే ఖాయం చేసుకోవాలి. సంచులు రాత్రి గట్టున ఉండిపోతే కుక్కలు, ఆవులు చింపేస్తాయి, పొద్దున ఏరిందంతా నదిలోకే చేరుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు. ఆ 12 రోజులూ మెట్లు ఖాళీ ఉండవు, వలతో దిగే వీలుండదు. అప్పుడు ఆధారం నిర్మాల్యం గంపే కాబట్టి, దాన్ని ఇప్పటి కార్తీకాల్లోనే జనానికి అలవాటు చేయాలి.