బూట్ నోట్సులో కొట్టివేతలు

విజన్‌ఫైవ్ 2 బోర్డు కొని నెల దాటింది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ అది. అందులోది జేహెచ్7110 అనే చిప్, రిస్క్-వీ అనే ఓపెన్ ప్రాసెసర్ డిజైను మీద చేసింది. దాని మీద నట్‌ఎక్స్ లేపాలని నా పట్టుదల. గ్రెగరీ నట్ 2007లో బయటికి వదిలిన చిన్న ఆర్టీఓఎస్ అది, అంటే పనులు అనుకున్న సమయానికే జరిగేలా చూసే ఆపరేటింగ్ సిస్టమ్. ఇప్పుడు అపాచీ ప్రాజెక్టు. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి బోర్డు చూపించే క్యూఎములో ఎప్పుడో నడిపాను కాబట్టి ఒక్క శనివారం చాలనుకున్నా.

శనివారం బోర్డు మాటలు తెర మీద చూపించే సీరియల్ తీగలకే పోయింది. 6వ పిన్ను గ్రౌండ్, 8 టీఎక్స్ (పంపేది), 10 ఆర్ఎక్స్ (అందుకునేది). టీఎక్స్‌ని ఆర్ఎక్స్‌కి కలపాలని పదేళ్లుగా తెలుసు. అయినా టీఎక్స్‌కి టీఎక్స్ పెట్టి గంటసేపు నల్లటి తెర చూస్తూ కూర్చున్నా.

ఆదివారం యూ-బూట్ వచ్చింది, ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్ అది. నట్‌ఎక్స్ ఇమేజిని మెమరీలో హెక్స్ 40200000 దగ్గర పెట్టి, దాన్ని మొదలుపెట్టే బూట్ఐ కమాండ్ కొడితే, "బ్యాడ్ లినక్స్ రిస్క్‌వీ ఇమేజ్ మ్యాజిక్!" అంది. మ్యాజిక్ ఏంట్రా బాబూ! ఫైలు మొదట్లో 64 బైట్ల హెడర్ ఉండాలట. అందులో 56వ ఆఫ్‌సెట్ దగ్గర ఆర్, ఎస్, సీ అనే మూడు అక్షరాలు, వాటి పక్కన 5. మనది లినక్స్ కాకపోయినా లినక్స్ వేషం కట్టుకుని రావాలన్నమాట.

వేషం కట్టాక చప్పుడే లేదు. అసెంబ్లీ మొదటి లైన్లలోనే యూఆర్ట్‌కి, అంటే ఆ సీరియల్ తీగల వెనకున్న సర్క్యూట్‌కి, '1' రాయించా. అదృష్టం కొద్దీ క్యూఎములోనూ ఈ చిప్‌లోనూ దాని చిరునామా ఒకటే, హెక్స్ 10000000. రాత్రి పన్నెండింటికి తెర మీద 1 పడింది. మా ఆవిడని లేపి చూపించా. "ఒకటే కదా" అని అటు తిరిగి పడుకుంది.

దాని తర్వాత రాయించిన 2 పడలేదు. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" పడింది. క్యూఎములో నా కోడు మెషిన్ మోడ్‌లో, అంటే అన్ని అధికారాలతో నడిచేది. ఇక్కడ ఆ గద్దె మీద ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ కూర్చుని ఉంది, మనకిచ్చేది ఒక మెట్టు కిందున్న సూపర్‌వైజర్ మోడ్. అక్కడినుంచి ఎంహార్ట్‌ఐడీ, అంటే మనం ఏ కోర్ మీద ఉన్నామో చెప్పే నంబరు, చదవబోతే ప్రాసెసర్ ఒప్పుకోదు. ఆ నంబరు ఏ0 రిజిస్టర్‌లో ముందే వచ్చి ఉంటుంది. అదీ 1 నుంచి 4 లోపే. 0 నంబరు వేరే చిన్న కోర్‌ది. నా కోడేమో 0 కోసం ఎదురుచూస్తూ గిరగిరా తిరుగుతోంది.

ఇదంతా ఒక నోట్సులో రాసుకుంటున్నా. పనిచేసిన కమాండ్లు మాత్రమే రాస్తే అది ఆరు లైన్లు. పాత ఉద్యోగంలో ఒక బోర్డు ఫైలు తెరిస్తే "బూట్ అవుతుంది" అని ఒక్క ముక్క ఉంది, రాసినాయన అప్పటికే మానేశాడు. ఆ కోపం ఇంకా పోలేదు. అందుకే తప్పులన్నీ జరిగిన వరసలోనే ఉంచా. ఎర్రర్ మెసేజుల్లో అక్షరం కూడా మార్చలేదు, ఎవరైనా వెతికేది వాటినే కదా.

నిన్న నట్‌ఎక్స్ కమాండ్లు తీసుకునే ఎన్‌ఎస్‌హెచ్ ప్రాంప్ట్ వచ్చింది. టైప్ చేస్తే మాత్రం ఏమీ పడట్లేదు. అక్షరం వచ్చిందని ప్రాసెసర్‌ని పిలిచే యూఆర్ట్ ఇంటరప్ట్ నంబరు క్యూఎములో 10, ఇక్కడ 32. అది మార్చినా అంతే. నోట్సులో ఆ పేజీకి తేదీ వేసి ఖాళీగా వదిలా.